ఫస్ట్ ఫ్లోర్ అంటే ఏది

శుక్రవారం సాయంత్రంలోగా చేయవలసిన పనులు ఇవి.

వసుమతి అక్క పరీక్షకు హాల్ టికెట్ ప్రింట్ తీయాలి. బిల్డింగ్ తాళంచెవి మరమ్మతు కాంట్రాక్టర్ వేడ్‌కి ఇవ్వాలి. చెత్త వేసే పెద్ద ఇనప తొట్టిని వీధి పక్కన పెట్టుకోవడానికి సిటీ ఇచ్చిన పర్మిట్‌ను ముందు అద్దానికి లోపలి నుంచి అంటించాలి. బయట కిటికీ చట్రాలకు వేయబోయే రంగు నమూనాను, పాత భవనాల రూపు చెడకుండా చూసే హిస్టారిక్ డిస్ట్రిక్ట్ కమిటీకి పంపాలి. వాళ్ళు ఒప్పుకునే ఆకుపచ్చల్లోనే ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఏది పీకాలో ఏది ముట్టుకోకూడదో వేడ్‌కి మెసేజ్ పెట్టాలి. ఆదివారం చర్చి అయ్యాక మిస్ ఇమొజీన్ వచ్చి చూస్తానన్నారు కాబట్టి, మెట్ల దగ్గర సామాన్లు అడ్డం లేకుండా తీయించాలి.

అన్నీ చేశాను. చేశానని అక్కకి ఫోన్ చేసి చెప్పాను కూడా.

వసుమతి అక్క నాకు సొంత అక్క కాదు. వాళ్ళది తెనాలి, మాది సిద్దిపేట దగ్గర పల్లె. నేను అమెరికాలో ఈ బెంటన్‌విల్‌కి వచ్చిన కొత్తలో, కాంట్రాక్టు ఉద్యోగంలో ఒంటరిగా ఉన్న రోజుల్లో, ఆవిడ ఇంట్లో వండి పంపే భోజనమే తిన్నాను. ఆ పరిచయం అక్కా తమ్ముడి వరుసలోకి వచ్చింది. ఆవిడకు ఇంగ్లిష్ మాట్లాడడం వచ్చు, రాయడమంటే భయం. అందుకని రాతకోతలన్నీ నాకు అప్పగించింది. అది నాకు కొత్త కాదు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. బడిలో ఉన్నప్పటి నుంచే మా వాడలో వాళ్ళకు గ్యాస్ కనెక్షన్‌కీ పింఛనుకీ అర్జీలు నేనే రాసేవాణ్ణి. "చెప్పింది చెప్పినట్టు రాయి బిడ్డా, నీ తెలివి కలపకు" అనేవారు పెద్దవాళ్ళు. అలాగే రాసేవాణ్ణి. ఒక్క మాట కలిపేవాణ్ణి కాదు, తీసేవాణ్ణి కాదు.

అక్క కొన్న బిల్డింగ్ ఎల్మ్ ఫోర్క్ అనే చిన్న ఊళ్ళో ఉంది. బెంటన్‌విల్ నుంచి కార్‌లో వెళ్తే కొండలు దాటాక వస్తుంది. ఊరంతా కలిపి ఒక కోర్టు, దాని చుట్టూ నాలుగు వీధుల చతురస్రం. ఇటుక భవనాలు ఒకదాని భుజం ఒకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. ప్రతి దాని నెత్తిమీదా కట్టిన సంవత్సరం రాతిలో చెక్కి ఉంటుంది. పై అంతస్తు కిటికీలకు ఇటుక కమానులు, కింద షాపు ముందర పోత ఇనప స్తంభాలు, తలుపుల పైన రంగుటద్దాల పట్టీ. అక్కది కోర్టుకి ఎదురుగా ఉన్న రెండంతస్తుల భవనం, నేల కింద ఒక బేస్‌మెంట్. ఒకప్పుడు హార్డ్‌వేర్ షాపు. కింద టిఫిన్ హోటల్, పైన చిన్న ఫంక్షన్లకు హాలు పెట్టాలని అక్క ఆలోచన.

దాన్ని అమ్మినావిడ మిస్ ఇమొజీన్ రస్క్. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు, "రస్కా? మనం టీలో ముంచుకునేదా?" అని అక్క పడీపడీ నవ్వింది. ఇమొజీన్ గారికి ఎనభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. ఆ షాపులోనే పుట్టి పెరిగినంత పని. కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళనీ ఆవిడ లోపలికి తీసుకెళ్ళి పైకి చూడమనేవారట. కింది అంతస్తు కప్పు అంతా అచ్చు గుద్దిన రేకు పలకలు. ఒక్కో పలక మీద ఒక పువ్వు, చుట్టూ తీగ. తెల్ల రంగు కాలంతో పాటు వెన్న రంగుకి తిరిగింది. చూసినవాళ్ళు "ఎంత బాగుందో" అని, ఆ మాట పూర్తి కాకుండానే ఏసీ గొట్టాలు ఎక్కడ వేయొచ్చో కొలతలు మొదలుపెట్టేవారట. అక్క మాత్రం మెడ నొప్పెట్టేదాకా చూసింది. "నేను దీని మీద చెయ్యి వెయ్యను. మాటిస్తున్నా" అంది. ఇమొజీన్ గారు అక్కకే అమ్మారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. హిస్టారిక్ డిస్ట్రిక్ట్ నియమాలు చాలా ఉన్నాయి. బోర్డు ఎంత పెద్దదుండాలి, ఇటుకకి రంగు వేయొచ్చా, కిటికీ చట్రం చెక్కదా అల్యూమినియందా, అన్నీ అడుగుతారు. కానీ అవన్నీ వీధిలోంచి కనిపించే ముఖానికే. లోపలి కప్పు గురించి వాటిలో ఒక్క ముక్క లేదు. లోపల ఏం పీకినా అడిగేవాళ్ళు లేరు. ఆ కప్పుకి ఉన్న కాపలా అంతా అక్క ఇచ్చిన మాటే.

పై అంతస్తుది వేరే కథ. దాని అసలు కప్పు ఎప్పుడో పోయింది. తర్వాత ఎవరో వేలాడదీసిన అట్ట పలకలు చెమ్మకి ఉబ్బి, మరకలు పట్టి ఉన్నాయి. వాటిని పీకించడం మొదటి పని. శుక్రవారం అక్క ఫోన్‌లో చెప్పింది:

"తమ్ముడూ, వేడ్‌కి రాయి. ఫస్ట్ ఫ్లోర్ సీలింగ్ మొత్తం పీకేసెయ్యమను. కింద మాత్రం ఏదీ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పు."

చెప్పింది చెప్పినట్టు ఇంగ్లిష్‌లో రాశాను. ఫస్ట్ ఫ్లోర్ సీలింగ్ మొత్తం తీసేయండి, కింద ఏదీ ముట్టుకోవద్దు. వేడ్ వెంటనే అడిగాడు: "ఫస్ట్ ఫ్లోరా? మొత్తమా?" మొత్తమే అన్నాను. సరే, శనివారం పొద్దున్నే మొదలుపెడతానన్నాడు.

శనివారం పొద్దున అక్కకి ఫేయెట్‌విల్‌లో ఫుడ్ సేఫ్టీ పరీక్ష. హోటల్ లైసెన్స్‌కి అది తప్పదు. నేనే డ్రైవ్ చేశాను. దారి పొడుగునా అక్క కోడి మాంసం ఎంత వేడిలో ఉడకాలో, ఫ్రిజ్‌లో ఏ అరలో ఏది పెట్టాలో నాకు అప్పజెప్పింది. "ముప్పయ్యేళ్ళ నుంచి వండుతున్నా. ఇప్పుడు థర్మామీటర్ పెట్టి పులుసుకి జ్వరం చూడాలంట" అని గొణిగింది.

పరీక్ష ఒక పెద్ద ఆఫీస్ భవనంలో. అక్క హాల్ టికెట్ చూసి, "ఫస్ట్ ఫ్లోర్ అంట. లిఫ్ట్ ఎక్కుదాం పద, నా మోకాళ్ళు మెట్లకి ఒప్పుకోవు" అంది. నేను ఫోన్ చూసుకుంటూ వెనకే ఎక్కాను. అక్క ఒకటో నంబరు నొక్కింది. తలుపు మూసుకుంది. తలుపు తెరుచుకుంది. ఎదురుగా అదే హాలు, అదే ప్లాస్టిక్ మొక్క, అదే సెక్యూరిటీ మనిషి.

"ఇదేంటి తమ్ముడూ, పైన కూడా అదే కుండీ పెట్టారు?"

నాకు నవ్వు వచ్చింది. "మనం పైకి రాలే అక్కా. ఉన్నదే ఫస్ట్ ఫ్లోర్ల. ఇక్కడోళ్ళు కిందిదాన్నే ఫస్ట్ అంటరు గదా."

"అవును సుమా! ఎన్నేళ్ళున్నా ఈ లెక్క నోటికి రాదు" అని అక్క కూడా నవ్వింది.

నేను అన్న మాట అప్పుడు నాకే వినబడింది.

ఆఫీస్‌లో నా డెస్క్ మెట్లెక్కగానే ఉంటుంది. ఎవరైనా ఇంగ్లిష్‌లో అడిగితే సెకండ్ ఫ్లోర్ అంటాను, తడుముకోను. అదే తెలుగులో అయితే ఫస్ట్ ఫ్లోర్ అంటే మెట్లెక్కాక వచ్చేదే. నా బుర్రలో రెండు బిల్డింగులున్నాయి. అక్క ఒక బిల్డింగ్ గురించి చెబితే నేను రెండో బిల్డింగ్ గురించి రాశాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు.

"ఏంటి, మొహం అట్టా అయిపోయింది? కళ్ళు తిరుగుతున్నాయా?" అంది అక్క.

"అక్కా, వేడ్‌కి మెసేజ్‌ల ఫస్ట్ ఫ్లోర్ అని రాసిన."

"అదేగా రాయమంది."

"ఇంగ్లిష్‌ల రాసిన అక్కా. వేడ్ చదువుతడు."

అక్కకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. చేతిలో హాల్ టికెట్ నలిగిపోయింది. "కింద ముట్టుకోవద్దని కూడా రాశావుగా? రాశావా లేదా?"

"రాసిన. కానీ ఆయన లెక్కల కింద అంటే బేస్‌మెంట్."

లిఫ్ట్ తలుపు మళ్ళీ మూసుకోబోయింది. అక్క చేత్తో ఆపింది. "పరీక్ష మళ్ళీ రాసుకోవచ్చు. నడువు" అంది. మోకాళ్ళ సంగతి మరిచిపోయి నాకంటే ముందు కార్ దగ్గరికి చేరింది.

వేడ్‌కి ఫోన్ చేశాను. మోగి మోగి వాయిస్ మెయిల్‌కి పోయింది. పని చేసేటప్పుడు చెవులకు రక్షణ తొడుక్కుంటాడు, ఫోన్ ట్రక్కులో వదిలేస్తాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా మళ్ళీ మళ్ళీ చేశాను. ఆపమని మెసేజ్ పెట్టాను. పక్కనున్న పాత సామాన్ల షాపుకి చేశాను. ఎవరూ ఎత్తలేదు. సిటీ ఆఫీస్‌కి శనివారం సెలవు.

"ఇమొజీన్ గారికి చెయ్యనా? ఆమె ఇల్లు చౌరస్తా పక్కనే గదా" అన్నాను.

"వద్దు." అక్క గొంతు పెరిగింది. "ఏమని చెప్తావు? మీ కప్పు పీకుతున్నారు, పరిగెత్తుకెళ్ళి ఆపండి అనా? ఎనభై ఏళ్ళ మనిషికి?"

కొండల్లోకి వచ్చాక సిగ్నల్ పోయింది. అక్క ఫోన్‌ని కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుని కూర్చుంది. కొంతసేపటికి అంది:

"సాఫ్ట్‌వేర్ ఇంజనీరువి. పొద్దస్తమానం వాళ్ళతోనే పని చేస్తావు. నీకైనా తట్టొద్దా?"

"నువ్వు చెప్పిందే రాసిన అక్కా."

"చెప్పింది రాయడానికి ఫోన్ చాలదా? ఫోన్‌కి చెప్తే అదే రాసుకుద్ది. నిన్నెందుకు అడిగాను?"

ముందు ఒక ట్రాక్టర్ ట్రెయిలర్ లాగుతూ మెల్లగా పోతోంది. వంపుల రోడ్డు, దాటడానికి వీల్లేదు. ట్రెయిలర్‌లో గడ్డి మోపులు ఊగుతున్నాయి. అక్క కూర్చున్నచోటే కాలితో లేని బ్రేకు నొక్కుతోంది.

"నిన్నని ఏం లాభంలే" అంది చివరికి. "మాటిచ్చింది నేను. నోరు నాది."

కోర్టు మలుపు తిరగగానే ముందు తొట్టి కనిపించింది. అది సగం నిండి ఉంది. అంచు మీదుగా వెన్న రంగు రేకులు వంగి, ఎండలో మెరుస్తూ బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. కార్ పూర్తిగా ఆగకముందే అక్క తలుపు తీసింది.

లోపల శబ్దం లేదు. దుమ్ము ఇంకా కిందికి దిగుతోంది. వేడ్, అతని ఇద్దరు పనివాళ్ళు గోడ పక్కన నిలబడి ఉన్నారు. గది మధ్యలో, బోర్లించిన రంగు డబ్బా మీద మిస్ ఇమొజీన్ కూర్చుని ఉన్నారు. శనివారం ఆవిడ ఎదుటి పార్లర్‌లో జుట్టు సెట్ చేయించుకుంటారు. అక్కడి కుర్చీలోంచి తొట్టినీ, అందులో పడుతున్నవాటినీ చూసి, అలాగే వచ్చి పని ఆపించారు. దువ్విన జుట్టు చెదరకుండా పార్లర్ వాళ్ళు కట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా తల మీదే ఉంది. దాని మీద సన్నగా తెల్లటి దుమ్ము.

నేను పైకి చూశాను. వెనక భాగం అంతా అలాగే ఉంది. వీధి వైపు నాలుగు వరుసలు లేవు. అక్కడ నల్లబడ్డ చెక్కలు, మేకుల కన్నాలు.

"వాజూ" అన్నారు ఇమొజీన్ గారు. అక్క పేరు ఆవిడ నోట అలా పలుకుతుంది. "నువ్వు ఇక్కడే నిలబడి, పైకి చూసి, నాకు మాటిచ్చావు."

"ఇచ్చాను మేడమ్" అంది అక్క.

నేను ముందుకొచ్చి మొదలుపెట్టాను. మా దేశంలో ఫస్ట్ ఫ్లోర్ అంటే పై అంతస్తని, మెసేజ్ రాసింది నేనని, అక్క తప్పేమీ లేదని. ఇమొజీన్ గారు చెయ్యి ఎత్తి ఆపారు.

"హనీ, ఈ ఇంటికి ఉన్నవే రెండు అంతస్తులు. రెంటిలో ఏదన్నది ఒక్కసారి వచ్చి చూపించి ఉంటే సరిపోయేది."

వేడ్ టోపీ తీసి చేతిలో తిప్పుకుంటున్నాడు. "నేను అడిగాను మరి. మొత్తం అన్నారు. బేస్‌మెంట్‌కి తాళం కూడా వేశాను, అక్కడేదో దాచుకున్నారు కాబోలనుకుని." తర్వాత కొంచెం ఉత్సాహంగా అన్నాడు: "ఒక మంచి మాట చెప్పనా? మేం పీకినవి అసలువి కావు. చూడండి, వెనకున్న పువ్వుకి ఆరు రేకలు. వీటికి ఎనిమిది. ఎవరో మధ్యలో వేసిన అతుకులు. అసలు కప్పు చెక్కు చెదరలేదు."

అక్క గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. నేను కూడా. భవనంతో పాటు పుట్టిన కప్పు క్షేమంగా ఉంది. మాట నిలబడినట్టే అనిపించింది. నేను నవ్వాను కూడా, ఇమొజీన్ గారి వైపు చూస్తూ.

ఆవిడ నవ్వలేదు.

"అవి మా అమ్మవి" అన్నారు.

ఆవిడ ఎవరికీ చెబుతున్నట్టు కాకుండా, నేల మీది దుమ్ముని చూస్తూ చెప్పారు. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు వడగళ్ళ వానకి పైకప్పు చిల్లులు పడి, నీళ్ళు రెండంతస్తులూ దాటి దిగాయట. షాపు ముందు భాగంలో రేకులు తుప్పుపట్టి ఊడిపోయాయట. నాన్న ఆ చోట అట్ట కొట్టించి ఊరుకుందామన్నాడట. అమ్మ వినలేదు. కేటలాగ్ చూసి పోస్టులో రేకులు తెప్పించింది. అచ్చం అదే పువ్వు దొరకలేదు, దగ్గరగా ఉన్నది దొరికింది. ఆడది నిచ్చెన ఎక్కడమేంటని నాన్న సాయం పట్టలేదు. షాపు మూసే ఆదివారాల్లో అమ్మ ఒక్కతే నిచ్చెన మీద నిలబడి కొట్టింది. కింద నుంచి మేకులు అందించింది ఇమొజీన్.

"బయట ఇత్తడి పలక చూశావుగా" అన్నారు ఆవిడ అక్కతో. "రస్క్ అండ్ సన్ హార్డ్‌వేర్. మా తాత, మా నాన్న. ఊరివాళ్ళు ఈ భవనం గురించి రాసిన పుస్తకంలోనూ వాళ్ళే. ఎవరో ఒక పెద్దమనిషి పాత భవనాల సర్వేకి వచ్చి, ముందు వరుసలు తర్వాత మార్చినవి, వాటికి విలువ లేదని రాసుకెళ్ళాడు. నేనేమీ అనలేదు. అవి పైనున్నాయి కదా, చాలనుకున్నాను."

"నాకు ఎందుకు చెప్పలేదు మేడమ్?" అని అక్క మెల్లగా అడిగింది.

"కప్పు ముట్టుకోనన్నావు. ఇక వేరే చెప్పడం ఎందుకు?"

అక్క చున్నీ నడుముకి బిగించి, బయటికి వెళ్ళి తొట్టి అంచు పట్టుకుని ఎక్కబోయింది. నేను వెళ్ళి పట్టుకునేలోపే లోపలికి దిగింది. తర్వాత నేనూ దిగాను. వేడ్ చేతి తొడుగులు విసిరాడు. ఒక్కో రేకూ తీసి అందిస్తుంటే అతను పేవ్‌మెంట్ మీద పరిచాడు. తొట్టిలో ఎక్కువ పట్టాలని పనివాళ్ళు కాళ్ళతో తొక్కి మడిచారు వాటిని. మేకు దగ్గర చిరిగినవి, అడ్డంగా విరిగినవి, అంచు లేనివి. సుత్తితో మెల్లగా సాగదీస్తే ఒకటో రెండో నిలబడతాయేమో, మిగతావి ఇంతేనన్నాడు వేడ్. అక్క వేలు కోసుకుంది. చూసుకోలేదు.

ఇమొజీన్ గారు గుమ్మంలోకి వచ్చి పేవ్‌మెంట్ మీద వరసగా పరిచిన రేకుల్ని చూశారు. ఒంగి దేన్నీ ముట్టుకోలేదు.

"కొత్తవి చేయిస్తాను. సేమ్ ఫ్లవర్. ఎయిట్" అంది అక్క తొట్టిలోంచే, వేళ్ళు చూపిస్తూ.

"వద్దు వాజూ. అప్పుడవి నువ్వు వేసినవి అవుతాయి" అని, పర్సు సర్దుకుని, ఆవిడ వీధి దాటి వెళ్ళిపోయారు. ఆదివారం రాలేదు.

హోటల్ తెరిచి కొన్ని నెలలైంది. అక్క పరీక్ష పాసైంది. ప్రారంభం రోజున మొదటి ఆకు ఇమొజీన్ గారిదేనని అక్క ఒక టేబుల్ ఖాళీగా ఉంచింది. ఆవిడ రాలేదు. ప్రతి శనివారం ఎదుటి పార్లర్‌కి వస్తూనే ఉన్నారు. ఆ వేళకి అక్క ఎంత రద్దీ ఉన్నా పెనం వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. ఆవిడ తల ఊపుతారు. అంతే. కోపమో కాదో మాకు తెలియదు. లోపలికి పిలవడానికి అక్కకి ధైర్యం చాలడం లేదు. పిలిచి, ఆవిడ రానంటే ఎలాగని భయం. నాకూ అదే భయం. ఈ శనివారం పోయినా ఇంకో శనివారం ఉంటుందని ఎనభై దాటిన మనిషి విషయంలో ఎంతకాలం అనుకోగలం?

ముందు నాలుగు వరుసలూ అక్క అలాగే వదిలేసింది. నల్ల చెక్కలు, మేకుల కన్నాలు కనిపిస్తూనే ఉంటాయి. తినడానికి వచ్చినవాళ్ళు పని సగంలో ఆగిపోయిందనుకుంటారు. అడిగినవాళ్ళకి అక్క తనకొచ్చిన ఇంగ్లిష్‌లో చెబుతుంది. అడగనివాళ్ళు దోసె తిని వెళ్ళిపోతారు. గోడకు ఒక బోర్డు పెడదామని నేను కమిటీకి రాశాను. మార్చి వేసిన భాగాలకు, అందులోనూ ఇప్పుడు లేనివాటికి, బోర్డు పెట్టే పద్ధతి లేదని మర్యాదగా జవాబిచ్చారు.

అందుకే ఇది రాస్తున్నాను. ఈసారి నాకెవరూ ఏం రాయాలో చెప్పలేదు. మీరు ఎప్పుడైనా ఆ కొండల వైపు వచ్చి, ఎల్మ్ ఫోర్క్‌లో కోర్టు ఎదురుగా ఆగితే, లోపలికి రాగానే తల ఎత్తి వీధి వైపు చూడండి. అక్కడ మీకేమీ కనిపించదు. అక్కడొక మనిషి ఆదివారాలు నిచ్చెన మీద నిలబడి తలపైకి చేతులెత్తి పని చేసింది. ఆమె పేరు ఓపల్ రస్క్. దయచేసి ఆమెను గుర్తుంచుకోండి.